ఇరవై నిమిషాల ఉపన్యాసానికి ఎన్ని కాగితాలు?

ఢిల్లీలో శాంతిపథం అనే విశాలమైన రహదారి ఒకటి ఉన్నది. దానికి ఇరుప్రక్కలా విదేశీ రాయబార కార్యాలయాలు బారులు తీరి ఉంటాయి. ఇప్పుడు వీసా దరఖాస్తులు తీసుకొనే పనిని చాలా దేశాలు ప్రైవేటు కంపెనీలకు ఒప్పగించినందున ఆ కార్యాలయాల గోడల వెంబడి జనం మునుపటంతగా కనిపించరు. జనం తగ్గలేదు, క్యూ మాత్రమే వేరొక చోటికి మారినది. ఆ క్యూలో కొడుకు వద్దకు పోయే తల్లిదండ్రులు ఉంటారు, వర్తకులు ఉంటారు, విద్యార్థులు ఉంటారు. వీరి మధ్య, చేతిలో కాగితాల కట్టతో, కాస్త బిడియంగా నిలబడి ఉండే మరొక తరగతివారున్నారు. వారు ఏదో ఒక విదేశీ విద్వత్సభలో వ్యాసం చదవడానికి ఆహ్వానం అందుకున్న అధ్యాపకులు.

గత చలికాలంలో అటువంటివారు ఒకరు ఆంధ్రా భవన్ భోజనశాలలో తారసపడినారు. మన ప్రాంతపు విశ్వవిద్యాలయమొకదానిలో చరిత్ర బోధిస్తారు. ఐరోపాలోని ఒక చిన్న దేశంలో మూడు రోజుల సదస్సు. అందులో ఆయన వ్యాసానికి కేటాయించిన కాలం ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల నిమిత్తం ఆయన సంచిలో ఆహ్వానపత్రం, రిజిస్ట్రారు ఇచ్చిన నిరభ్యంతర పత్రం, జీతపు చీటీలు, ఆరు నెలల బ్యాంకు లెక్క, ఆదాయపు పన్ను కాగితాలు, ముప్పైవేల యూరోలకు తక్కువ కాని వైద్య బీమా, రానుపోను విమానపు టిక్కెట్టు, బస ఏర్పాటు రుజువు ఉన్నాయి. వీటన్నింటి అడుగున ఇంటి పన్ను రసీదు కూడా కనిపించింది.

"ఇంటి పన్ను రసీదు ఎందుకండీ?" అని అడిగాను.

"తిరిగి వస్తానని వారిని నమ్మించాలి కదండీ. ఇల్లున్నవాడు ఇల్లు వదలి పోడని వారి లెక్క" అన్నారాయన, పప్పులో నెయ్యి కలుపుకొంటూ.

కొన్ని వారాల తరువాత ఆయనకు సమాధానం వచ్చింది. షెంజెన్ దేశాలు వీసా నిరాకరించినప్పుడు ఇచ్చేది ఒక అచ్చు ఫారం. అందులో కారణాలు ముందుగానే ముద్రించి ఉంటాయి, వర్తించిన గడిలో గుర్తు పెడతారు. గడువు ముగిసేలోగా తమ దేశం విడిచి పోతారనే విషయంలో తగిన సందేహం ఉన్నదనే గడిలో ఈయనకు గుర్తు పడింది. ముప్పై సంవత్సరాల ఉద్యోగం, ఇల్లు, పెన్షను ఉన్న మనిషి మూడు రోజుల సభకు పోయి అక్కడ ఏ హోటల్లోనో గిన్నెలు తోముతూ ఉండిపోతాడని ఆ గుర్తుకు అర్థం. 2024 జూన్ నుంచి తొంభై యూరోలకు పెరిగిన రుసుము తిరిగి రాదు. ఆయన వ్యాసాన్ని సభలో మరెవరో చదివిపెట్టినారట.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడని మనవాళ్ళు ఊరకే అనలేదు. పిలిచేది విశ్వవిద్యాలయం, రానిచ్చేది కాన్సులేట్. అమెరికా చట్టంలోనైతే ఈ అనుమానం ఒక సూత్రంగానే ఉన్నది. సందర్శక వీసా కోరే ప్రతివాడూ స్థిరపడడానికే వస్తున్నాడని ముందుగా భావించాలి, కాదని రుజువు చేసుకోవలసిన భారం దరఖాస్తుదారుదే.

పదవీ ప్రతిష్ఠలు ఈ భారాన్ని తేలిక చేస్తాయని అనుకొనేవారు 2006 ఫిబ్రవరి నాటి గోవర్ధన్ మెహతా ఉదంతాన్ని జ్ఞాపకం చేసుకోవాలి. ఆయన 1994 నుంచి 1998 వరకు హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులు, ఆ తరువాత బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరు. ఆనాటికి అంతర్జాతీయ విజ్ఞాన మండలికి అధ్యక్షులు కూడా. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ఆహ్వానంపై ప్రయాణం తలపెట్టి చెన్నైలోని అమెరికా కాన్సులేట్‌కు వెళ్ళినారు. ఆయన పరిశోధించే రసాయన శాస్త్రం రసాయనిక ఆయుధాలకు ఉపయోగపడవచ్చునేమోనన్న దిశగా ప్రశ్నలు సాగినాయి, వీసా రాలేదు. ఎప్పుడో దశాబ్దాల క్రిందట చేసిన పరిశోధనల వివరాలను గుమాస్తా బల్ల ముందు నిలబడి అప్పజెప్పవలసి రావడం తనకు అవమానకరమని ఆయన బాహాటంగానే చెప్పినారు. సరిగా అదే సమయంలో అధ్యక్షుడు బుష్ భారత పర్యటనకు సన్నాహాలు జరుగుతున్నాయి. అణు ఒప్పందం చర్చలో ఉన్నది. రాయబార కార్యాలయం విచారం వ్యక్తం చేసి వీసా మంజూరు చేసింది. మెహతా వెళ్ళలేదు. మార్చి మొదటి వారంలో బుష్ వచ్చి, హైదరాబాదుకు కూడా పోయి, అక్కడ కాన్సులేట్ తెరవాలన్న నిర్ణయం ప్రకటించి వెళ్ళినారు. 2008లో అది తెరుచుకున్నది. అందాకా తెలుగువారు అమెరికా వీసాకు మద్రాసు రైలు ఎక్కవలసి ఉండేది. ప్రయాణదూరం తగ్గినది గాని ప్రశ్నలు తగ్గలేదు.

ఇంతవరకు చెప్పినది పాఠకులకు ఆగ్రహం కలిగించే భాగం. ఇక చెప్పబోయేది మన ఇంటి సంగతి. గురివింద గింజ తన నలుపెరుగదన్నట్లు, పరాయి గుమ్మాల ముందు మనకు జరిగే అవమానాన్ని ఏకరువు పెట్టే మనం మన గుమ్మం ముందు నిలబడేవారిని గురించి అంతగా మాట్లాడము.

ముందు న్యాయస్థితిని రెండు మాటలలో చూద్దాం. దేశం విడిచి వెళ్ళే హక్కు వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, పాస్‌పోర్టు ప్రభుత్వం దయతో ఇచ్చే దానం కాదని 1967 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మెజారిటీ తీర్పు ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారిది. రాజమహేంద్రవరం మనిషి. ఆ తీర్పు వెలువడిన వెంటనే పదవికి రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలలో నిలిచినారు. ఆ ఏడాదే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. అయితే విదేశీయుడు మన దేశంలోకి రావడం వేరు. అతనిని రానివ్వడమా, పంపివేయడమా అనే విషయంలో ప్రభుత్వానికి అపరిమితమైన అధికారం ఉన్నదని 1955లోనే హాన్స్ ముల్లర్ కేసులో అదే కోర్టు అన్నది. వెళ్ళడం హక్కు, రావడం అనుగ్రహం. అన్ని దేశాలలోనూ న్యాయం ఇంచుమించు ఇదే.

ఈ అనుగ్రహాన్ని మనం ఎలా పంచుతున్నామన్నది ప్రశ్న. భారతదేశంలో అంతర్జాతీయ సదస్సుకు వచ్చేవారికి కాన్ఫరెన్స్ వీసా అని ఒక తరగతి ఉన్నది. దానికోసం సభ జరిపేవారు విదేశాంగ శాఖ నుంచి రాజకీయ అనుమతి, హోం శాఖ నుంచి సదస్సుకు అనుమతి తెచ్చుకోవాలి. పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్ మొదలైన కొన్ని దేశాలవారి పేర్లు ప్రత్యేకంగా హోం శాఖ పరిశీలనకు పోవాలి. ఈ కాగితాలు నార్త్ బ్లాక్‌కు, సౌత్ బ్లాక్‌కు మధ్య ఎంతకాలం తిరిగేవో ఢిల్లీలో సభలు నిర్వహించినవారిని అడిగితే చెబుతారు. సభ తేదీ ఆగదు, ఫైలు కదలదు.

2018 జూలైలో ఆసియా అధ్యయనాల సంఘంవారు తమ ఆసియా మహాసభను ఢిల్లీలో, అశోకా విశ్వవిద్యాలయం సహకారంతో జరిపినారు. ఆసియా దేశాలను గురించి పరిశోధించే పండితులకు ఇది పెద్ద సభ. పాకిస్తానీ ప్రతినిధులను అనుమతించబోమని విదేశాంగ శాఖ ఆ ఫిబ్రవరిలోనే లేఖ ద్వారా తెలిపింది. పాకిస్తాన్ పౌరులకే కాదు, ఆ మూలాలుండి ఇతర దేశాల పౌరులైనవారికి కూడా ద్వారం మూసివేశారు. ఈ సంగతి బయటపడేసరికి సభ దగ్గరపడింది. వారు లేకుండానే సభ జరపడమా, సభనే మానుకోవడమా అని విద్వాంసులలో పెద్ద వాదోపవాదాలు జరిగినాయి. సభ జరిగింది. సింధు నాగరికత నుంచి దేశ విభజన దాకా పాకిస్తాన్ లేకుండా చర్చించదగిన ఉపఖండ చరిత్ర ఎంత మిగులుతుందో విజ్ఞులైన పాఠకులే ఊహించవచ్చు. పాకిస్తాన్ ప్రభుత్వం మాత్రం ద్వారాలు బార్లా తెరిచిందా అంటే, లేదు. మన పండితులకు అక్కడి వీసా దొరకడమూ అంతే దుర్లభం.

వీసాతో పని లేని సభలకు కూడా అనుమతి అడగవలసిన దశ ఒకటి వచ్చింది. కరోనా కాలంలో సభలన్నీ కంప్యూటరు తెరల మీద జరుగుతుండగా, 2021 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఒక ఉత్తర్వు జారీ చేసింది. ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలు దేశభద్రత, సరిహద్దులు, ఈశాన్య రాష్ట్రాలు, జమ్మూకాశ్మీరు, లడఖ్ వంటి విషయాల మీద, లేదా స్పష్టంగా దేశ ఆంతరంగిక వ్యవహారాలకు సంబంధించిన ఏ ఇతర విషయం మీదనైనా ఆన్‌లైన్ అంతర్జాతీయ సభ జరపాలంటే విదేశాంగ శాఖ ముందస్తు అనుమతి పొందాలన్నది దాని సారాంశం. విజ్ఞానశాస్త్ర అకాడమీల అధ్యక్షులు లేఖలు వ్రాసి నిరసించారు. ఫిబ్రవరిలో ఉత్తర్వును ఉపసంహరించుకున్నారు. గట్టిగా మాట్లాడితే ప్రభుత్వం వినదని నిరాశ చెందేవారికి ఈ దృష్టాంతం పనికివస్తుంది.

వీసా చేతిలో ఉన్నవారిని సైతం విమానాశ్రయం నుంచి వెనుకకు పంపడం ఇటీవలి రివాజు. 2022 మార్చిలో కేరళ మత్స్యకారుల జీవితంపై సదస్సుకు వచ్చిన మానవశాస్త్రవేత్త ఫిలిప్పో ఒసెల్లాను తిరువనంతపురం నుంచే పంపివేశారు. 2024 ఫిబ్రవరిలో నితాషా కౌల్ బెంగుళూరులో దిగినారు. ఆమెను పిలిచినది కర్ణాటక రాష్ట్ర ప్రభుత్వం, త్రిప్పి పంపినది కేంద్రం. 2025 అక్టోబరులో హిందీ సాహిత్య చరిత్రకు జీవితం ధారపోసిన ఫ్రాంచెస్కా ఒర్సీనీకి ఢిల్లీలో ఇదే అనుభవం ఎదురైంది. పూర్వం వీసా షరతులు ఉల్లంఘించినారని అధికార వర్గాలు చెప్పినాయి. అది నిజమే కావచ్చు. అయితే ఆ మాట వీసా ఇచ్చేటప్పుడు చెప్పకుండా విమానం దిగిన తరువాత చెప్పడమెందుకన్న ప్రశ్నకు జవాబు రాలేదు.

2025 మార్చిలో లోక్‌సభలో వలసలు, విదేశీయుల బిల్లు వచ్చినప్పుడు ఈ అంశం ప్రస్తావనకు వచ్చింది. పాలకుల భావజాలంతో ఏకీభవించనివారిని ఆపడానికి ఈ అధికారాలు ఉపయోగపడతాయని కాంగ్రెసు సభ్యుడు మనీశ్ తివారీ ఆక్షేపించారు. వివిధ రంగాల ప్రతిభావంతుల రాకకు ఇది అడ్డంకి కాగలదని తృణమూల్ సభ్యుడు సౌగతా రాయ్ అన్నారు. దేశం ధర్మసత్రం కాదని హోం మంత్రి అమిత్ షా సమాధానమిచ్చారు. ఉభయ సభల ఆమోదంతో అది చట్టమై, 1946 నాటి విదేశీయుల చట్టంతో సహా నాలుగు పాత చట్టాల స్థానాన్ని ఆక్రమించింది. ప్రవేశం విషయంలో ఇమిగ్రేషన్ అధికారి నిర్ణయమే తుది నిర్ణయమని అందులో వ్రాసి ఉన్నది. దేశం సత్రం కాకపోవచ్చు, నిజమే. కాని సత్రంలో తలదాచుకొనేవాడికీ, సభలో మాట్లాడి మూడవనాడు పోయే అతిథికీ తేడా చూడగల యంత్రాంగం ఉండాలి గదా!

దక్షిణాసియాలో పరిస్థితి ఎప్పుడూ ఇలాగే లేదు. లాహోరులో తనకు గణితం చెప్పిన అనిలేంద్ర గంగూలీ ఎక్కడున్నారో వెదకి పెట్టమని నోబెల్ బహుమతి పొందిన పాకిస్తానీ శాస్త్రజ్ఞుడు అబ్దుస్ సలామ్ భారత ప్రభుత్వాన్ని కోరగా, 1981 జనవరిలో కలకత్తాలో ఆ వృద్ధ గురువును దర్శించుకోగలిగినారు. సార్క్ దేశాలు 1992లో ఎంపిక చేసిన వర్గాలవారికి వీసా మినహాయింపు పథకాన్ని ప్రారంభించినాయి. 2010లో ఢిల్లీలో దక్షిణాసియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఎనిమిది దేశాల పిల్లలు ఒకే తరగతిలో చదవాలని ఆశయం. పహల్‌గాం దారుణం తరువాత 2025 ఏప్రిల్ 23న ఆ వీసా మినహాయింపును పాకిస్తానీయులకు రద్దు చేశారు. ఆ దారుణం ఎదుట ప్రభుత్వాన్ని తప్పుపట్టడం తేలిక కాదు. బంగ్లాదేశ్‌లో 2024 ఆగస్టు పరిణామాల అనంతరం అక్కడి మన వీసా కేంద్రాలు చాలాకాలం అత్యవసర, వైద్య అవసరాలకే పరిమితమైనాయి. ఇందువల్ల ఉపఖండపు విద్వాంసులు పరస్పరం కలుసుకోవాలంటే బాంకాక్‌కో, దుబాయికో, ఖాట్మండుకో పోవలసి వస్తున్నది. ఆసియా సంఘంవారు కూడా 2019లో బాంకాక్‌లోనే కలిసినారు.

ఆంధ్రా భవన్‌లో కలిసిన అధ్యాపకుడు మొన్న ఫోన్ చేశారు. అదే వ్యాసాన్ని కొంత పెంచి ఖాట్మండు సభకు పంపినారట, ఆమోదం వచ్చిందట. నేపాల్‌కు మనకు వీసా అక్కరలేదు, ఇంటి పన్ను రసీదు అసలే అక్కరలేదు. ఆయన మాట్లాడే సమావేశంలోనే లాహోరు నుంచి ఒక ఆచార్యులు కూడా ఉన్నారని చెప్పి, "వారికి అక్కడిదాకా రావడానికి ఇబ్బంది ఉండదు కదండీ?" అని అడిగినారు.