గోడలు చూడగలిగిన లెక్క

సెల్‌ఫోన్ ఇంకా పుట్టని 1960లలో యోషిహిసా ఒకుమురా బృందం కొలత పరికరాలు బిగించిన వ్యానులో టోక్యో వీధులూ శివార్లూ తిరిగింది. యాంటెనా పంపిన రేడియో తరంగం ఎంత దూరంలో ఎంత నీరసిస్తోందో ఓపిగ్గా నమోదు చేసింది. ఆ కొలతలు 1968లో గ్రాఫులుగా అచ్చయ్యాయి. 1980లో మసహరు హాటా ఆ వంపుగీతలను ఒక సూత్రంగా కుదించాడు. పౌనఃపున్యం, టవర్ ఎత్తు, ఫోన్ ఎత్తు, మధ్య దూరం చెబితే చాలు, సిగ్నల్ ఎన్ని డెసిబెల్స్ తగ్గుతుందో కాలిక్యులేటర్ మీదే తేలిపోతుంది. ఎంత అందమైన పని!

అయితే ఆ సూత్రానికి గోడ కనబడదు. నగరమా, శివారా, ఖాళీ నేలా అన్నంత వరకే దానికి తెలుసు. టవర్‌కు సమదూరంలో ఉంటే మేడ ముందు నిలబడినవారికీ మేడ చాటున ఉన్నవారికీ ఒకటే జవాబు. గోడలను లెక్కలోకి తేవాలంటే ఒక్కో కిరణాన్నీ వెంబడించాలి. అది ఎక్కడ తగిలి మళ్లింది, ఏ మూలన వంగింది అని కంప్యూటర్ చేత లెక్కగట్టించాలి. టవర్ కాస్త జరిగితే మళ్లీ మొదటికే.

2015లో జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయంలో యూ-నెట్ అనే న్యూరల్ నెట్‌వర్క్ తయారైంది. మైక్రోస్కోపు చిత్రాల్లో జీవకణాల హద్దులు గీయడం దాని పని. చిత్రాన్ని అంచెలంచెలుగా కుదించి మొత్తం అమరికను పట్టుకుంటుంది, మళ్లీ విప్పుతూ సూక్ష్మ వివరాలను కలుపుకుంటుంది. సిగ్నల్‌కు కావలసిందీ సరిగ్గా అదే: దూరపు భవనం వేసే నీడా తెలియాలి, పక్క సందు మలుపూ తెలియాలి. బెర్లిన్‌లో రాన్ లెవీ, చాగ్‌కాన్ యాపర్, గిట్టా కుటినియోక్, జుసెప్పే కైరే ఆ పోలికను పట్టుకుని రేడియోయూనెట్‌ను రూపొందించారు. లండన్, అంకారా, గ్లాస్గో వంటి నగరాల నుంచి 700 పటాలు తీసుకుని, ఒక్కోదానిలో 80 చోట్ల యాంటెనా ఉన్నట్టు ఊహించి, కిరణాల లెక్కతో వచ్చిన ఫలితాలను దానికి నేర్పారు. నేర్చాక కొత్త వీధుల పటం ఇస్తే మిల్లీసెకన్లలో సిగ్నల్ పటం గీసిస్తుంది.

అది నేర్చుకున్నది కంప్యూటర్ లెక్కనే గానీ వీధిని కాదు. పటంలో లేని భవనం, రోడ్డు మీద ఆగిన వాహనం దాన్ని తప్పుదారి పట్టిస్తాయి. ఆ పరిశోధకులు దీన్ని దాచలేదు. కొన్ని చోట్ల కొలిచిన విలువలను కూడా తీసుకుని అంచనాను సరిదిద్దుకునే రూపాన్నీ తయారుచేశారు. వారి పనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే. కొలతల కోసం ఇప్పుడు ప్రత్యేకంగా వ్యాను తిప్పనక్కర్లేదు. ఏ టవర్‌కు మారాలో తేల్చడానికి చుట్టుపక్కల టవర్ల బలాన్ని మన ఫోన్లు ఎప్పటికప్పుడు కొలుస్తూనే ఉన్నాయి.