దొనకొండ: వాన, నేల, రైలు

ఆంగ్ల వాచకములు చదివిన మన విద్యార్థులకు ఆ దేశపు పల్లెటూరు కంఠస్థము: పచ్చిక, ఊరినడుమ చెరువు, చర్చి శిఖరము, ఎడతెగని చిరుజల్లు. దొనకొండ ఎట్టిదని అడిగినచో మాత్రము "వానలు లేని ఊరండీ" అని ఒక్కమాటతో సరిపెట్టుదురు. ఆ మాట పూర్తిగా సరికాదని చూపుటకే ఈ వ్యాసము తలపెట్టితిమి.

లండనులో ఏటా కురియు వాన సుమారు 600 మిల్లీమీటర్లు. ఉమ్మడి ప్రకాశం జిల్లా సగటు 800 దాటును. పడమటి మండలములలో కొంత తగ్గును. అయినను అక్కడ పచ్చిక, ఇక్కడ బీడు ఏల? అక్కడి వాన నూరు దినములకు పైగా కొంచెము కొంచెముగా పడును. చల్లని గాలికి తడి త్వరగా ఆరదు. ఇక్కడికి నైరుతి గాలులు పడమటి కనుమలలో చాలవరకు చెమ్మ వదలివేసి వచ్చును. ఆశ్వయుజ కార్తికములలో తుఫాను పట్టినచో వాగులు ఒక్కుమ్మడిగా పొంగి, నాలుగు దినములకే ఇసుక తేలును. మిగిలినది ఎండ త్రాగును. మనకు వానకంటె అది నిలుచు చోటే ఎక్కువ కరవు. 'దొన' అనగా కొండరాళ్ళ నడుమ నీరు నిలుచు గుంట. ఊరి పేరులోనే ఆ చింత వినిపించుచున్నది! పడమట గుండ్లకమ్మకు అడ్డముగా కంభము చెరువు కట్టించినది శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మయని ప్రతీతి. చెరువులేనిచోట బోరులే గతి. ఆ నీటిలో ఫ్లోరైడు హెచ్చినచో పిల్లల పండ్లు గారపట్టును, పెద్దల ఎముకలు బిగిసిపోవును.

ఆంగ్లదేశపు పల్లెకు పోలిక ఈ ఊర ఒకప్పుడు లేకపోలేదు. గుంటూరు–గుంతకల్లు మార్గమున మీటరుగేజి బండ్లు నడచిన కాలమున ఇచ్చట లోకోషెడ్డు, రైల్వే బంగళాలు, ఆంగ్లో-ఇండియన్ కుటుంబములు ఉండెడివి. ఆవిరియంత్రమునకు బొగ్గుతోపాటు నీరును కావలెను. మెట్టనేలలో ఊరు పెరుగుటకు పంటకంటె రైలే కారణమైనది. 1990ల దశకమున బ్రాడ్‌గేజి వచ్చినది, కాలనీ వెలవెలబోయినది. రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానస్థలమును అట్లే పాడుపడినది. 2014లో రాష్ట్రము విడిపోయినపుడు రాజధాని ఇచ్చటికే వచ్చునని ప్రచారము సాగెను. విశాలమైన ప్రభుత్వభూమిని అందరును చూపిరి. నీటిమాట ఎత్తినవారు తక్కువ.

వేసవి సెలవులకు పోవు విద్యార్థులకు ఒక పని ఒప్పగించుచున్నాము. మీ ఊరి కుంటలో ఏ నెలవరకు నీరు నిలిచినది, పూడిక ఎంత చేరినది, ఏ వాగు దానిలోనికి వచ్చెడిది, పెద్దలనడిగి వ్రాసి తెండు.