అరగని సరుకుకు నెలనెలా అద్దె

పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ కంపెనీ దానికి మరో పెద్ద వెర్షన్ తేలేదు. అయినా తెలుగునాట డీటీపీ సెంటర్లలో అను ఫాంట్ల తోడుగా అది ఏళ్ల తరబడి పనిచేస్తూనే వచ్చింది. శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు ఎన్నో దాని మీదే పేజీలు కట్టుకున్నాయి. (ఆ కాపీల్లో కొన్నవెన్ని, కొట్టుకొచ్చినవెన్ని అన్నది వేరే లెక్క.) సాఫ్ట్‌వేర్ అనే సరుకు స్వభావం ఇక్కడే తెలుస్తుంది. టైరు అరుగుతుంది, మోటారు వైండింగ్ కాలిపోతుంది, కొన్నవాడు మళ్లీ దుకాణం మెట్టెక్కక తప్పదు. ప్రోగ్రాం మాత్రం వరసగా పేర్చిన సున్నాలూ ఒకట్లే. పదివేలసార్లు నడిపినా అందులో ఒక్క అంకె అరగదు. వాడేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? చిక్కంతా అమ్మేవాడిది. ఒకసారి అమ్మాక ఆ గిరాకీ మళ్లీ రావాలంటే కారణమేమిటి?

ఈ చిక్కును ఆర్థికశాస్త్రవేత్త రొనాల్డ్ కోస్ 1972లోనే ఒక చిన్న పరిశోధన వ్యాసంలో విడమరిచాడు. ఆయన తీసుకున్న ఉదాహరణ సాఫ్ట్‌వేర్ కాదు, భూమి. దేశంలోని భూమంతా ఒక్కడి చేతిలో ఉందనుకుందాం. ఎక్కువ ధర ఇవ్వగలవాళ్లకు మొదట కొంత అమ్ముతాడు. మిగిలింది బీడుగా వదలడు కదా, రేటు తగ్గించి తర్వాతి అంచెవాళ్లకు అమ్మజూస్తాడు. ఆ సంగతి ముందే పసిగట్టిన గిరాకీ తొందరపడడు. బయట పోటీయే లేని గుత్తాధిపతికి తన సరుకే పోటీ అవుతుందన్నమాట. ఇందులోంచి బయటపడే దారుల్లో ఒకటి అమ్మడం మాని అద్దెకివ్వడం అని కోస్ చెప్పాడు. వ్యాపారులకు ఈ కిటుకు అంతకుముందే తెలుసు. అమెరికాలో చెప్పులు కుట్టే యంత్రాల్లో రారాజైన యునైటెడ్ షూ మెషినరీ తన ముఖ్యమైన యంత్రాలను అమ్మేది కాదు, లీజుకే ఇచ్చేది. వాటిని అమ్మకానికీ పెట్టాలని 1953లో కోర్టు ఆదేశించింది. ఐబీఎం కూడా 1956లో ప్రభుత్వంతో రాజీకొచ్చి తన యంత్రాలను అమ్మేందుకు ఒప్పుకోవాల్సి వచ్చింది.

నేటి సాఫ్ట్‌వేర్ చందాలను ఈ వెలుగులో చూస్తే, అవి డబ్బు కట్టే పద్ధతిలో వచ్చిన మార్పు మాత్రమే కాదని నా అభిప్రాయం. కొనేవాడి చేతిలో ఒకప్పుడు ఒక అధికారం ఉండేది: కొత్త వెర్షన్ చూసి, ‘వద్దులే, పాతదే చాలు’ అనగలగడం. చందా తీసేసింది దాన్నే. ఫొటోషాప్ లెక్కే చూద్దాం. సీఎస్5 వచ్చింది 2010లో, సీఎస్6 2012లో. కొత్తగా కొంటే సీఎస్6 ధర 699 డాలర్లు, పాతది ఉన్నవారికి అప్‌గ్రేడ్ 199. రెండేళ్లకు పంచితే నెలకు 8 డాలర్ల పైచిలుకు. 2013 మేలో అడోబీ ఇక కొత్త వెర్షన్లన్నీ చందాకేనని ప్రకటించింది. ఏడాది ఒప్పందం మీద ఒక్క ప్రోగ్రాంకు అప్పటి మామూలు రేటు నెలకు 19.99 డాలర్లు. అంటే ప్రతి వెర్షనూ కొంటూ వచ్చిన నమ్మకస్తుడికే ఖర్చు రెట్టింపు దాటింది. మధ్యలో వెర్షన్లు వదిలేసేవాడి సంగతి చెప్పనక్కర్లేదు, అసలు గురి అతనే. కంపెనీ ఆదాయం 2012లో సుమారు 440 కోట్ల డాలర్లు. మరుసటి ఏడు 405 కోట్లకు జారింది, 2024 నాటికి 2,150 కోట్లు. ఆ మొదటి ఏడాది దెబ్బను ఓర్చుకుని నిలబడిన సీఈఓ మన హైదరాబాద్‌లో పుట్టి ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన శంతను నారాయణ్. వ్యాపార దృష్టితో ఆ గుండె ధైర్యాన్ని మెచ్చుకోవాల్సిందే.

అరగని వస్తువుకు గడువు ఎలా పెడతారు? లాగిన్ అయినప్పుడు సర్వర్ ఒక చిన్న పత్రం పంపుతుంది. ఫలానా ఖాతా, ఫలానా తేదీ వరకు చెల్లు అని అందులో ఉంటుంది. కంపెనీ దగ్గరే ఉండే రహస్య సంఖ్యతో దానికి డిజిటల్ సంతకం పడుతుంది. మన కంప్యూటర్లోని ప్రోగ్రాం, బహిరంగంగా ఇవ్వదగిన మరో సంఖ్యతో ఆ సంతకాన్ని సరిచూస్తుంది. తేదీలో ఒక్క అంకె మార్చినా సంతకం కలవదు. ఇంటర్నెట్ ఎప్పుడూ ఉండాల్సిన పని లేదు. అడోబీ ఏడాది చందాదారులకు 99 రోజుల దాకా ఆఫ్‌లైన్‌లో నడుపుకునే వీలిచ్చింది. గడువు తీరాక కూడా ప్రోగ్రాం డిస్కులోనే, చెక్కుచెదరకుండా ఉంటుంది. తెరుచుకోనివ్వనిది తేదీ. ఆ తేదీ ఇంకొకరి చేతిలో ఉండటం ఎలాంటిదో 2019లో వెనిజువెలా వాళ్లకు తెలిసొచ్చింది. అమెరికా ఆంక్షల వల్ల ఆ దేశంలోని ఖాతాలన్నీ మూసేస్తున్నట్టు అడోబీ ప్రకటించింది. తర్వాత అనుమతి తెచ్చుకుని కొనసాగించింది గానీ, కొనుక్కున్న పేజ్‌మేకర్‌ను ఆ రకంగా దూరం నుంచి ఆపడం సాధ్యమయ్యేది కాదు.

చందా పేదవాడికి మేలు కదా అంటారు. నిజమే. అడోబీ ప్రోగ్రాంల పెద్ద కట్ట సీఎస్6 మాస్టర్ కలెక్షన్ 2,599 డాలర్లుండేది. దాని చందా రూపమైన క్రియేటివ్ క్లౌడ్ నెలకు 49.99 డాలర్లతో మొదలైంది. మూడు నెలల పని ఉన్నవాడికి అద్దెకు మించింది లేదు. అయితే అద్దె ఇవ్వడానికి అమ్మకం ఆపనక్కర్లేదు. రెండూ పక్కపక్కన ఉంటే ఈ వ్యాసమే అక్కర్లేదు. పైగా ‘ఏడాది ఒప్పందం, నెలవారీ చెల్లింపు’ అనే ప్లాన్‌లో మధ్యలో మానేస్తే కట్టాల్సిన రుసుమును సరిగా చూపలేదన్న ఆరోపణతో 2024లో అమెరికా ప్రభుత్వం అడోబీ మీద దావా వేసింది.

సర్వర్ల ఖర్చు అన్నది రెండో వాదన. కృత్రిమ మేధతో బొమ్మలు గీసే పని కంపెనీ యంత్రాల మీద జరుగుతుంది కాబట్టి దానికి వాడకం కొద్దీ వసూలు చేయడం న్యాయం. ఫొటో అంచు కత్తిరించే లెక్కలు మాత్రం మన కరెంటుతో, మన కంప్యూటర్లోనే జరుగుతాయి.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం వేరే ఉంది. సాఫ్ట్‌వేర్ అరగకపోయినా దాని చుట్టూ ఉన్న లోకం మారుతుంది. 2019లో ఆపిల్ కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ కెటలీనా వచ్చి 32 బిట్ ప్రోగ్రాంలకు తలుపు మూసింది. డబ్బిచ్చి కొన్న పాత ప్రోగ్రాంలు ఎన్నో ఆ యంత్రాల్లో మూలపడ్డాయి. భద్రతా లోపాలు సరిదిద్దే మనుషులకు ప్రతి నెలా జీతం ఇవ్వాలి. ఈ ఖర్చు నిజం, దాన్ని చందాగా తీసుకోవడంలో తప్పు లేదు. అయితే మరమ్మతు ఆగడం ఒకటి, ఉన్నది మూతపడటం ఇంకొకటి. ఈ రెండింటినీ విడదీయవచ్చని ప్రోగ్రామర్లకు పనిముట్లలాంటి సాఫ్ట్‌వేర్ చేసే, ప్రాగ్‌లో పుట్టిన జెట్‌బ్రెయిన్స్ కంపెనీ చూపించింది. 2015లో ఆ కంపెనీ కూడా చందాకు మారబోతే ప్రోగ్రామర్లు గట్టిగా ఎదురు తిరిగారు. కొద్ది వారాల్లోనే నిబంధన మారింది: వరసగా పన్నెండు నెలలు కట్టినవారు తర్వాత మానేసినా, ఒక వెర్షన్‌ను శాశ్వతంగా వాడుకోవచ్చు. కొత్త హంగులు, సవరణలు మాత్రం అక్కడితో ఆగుతాయి. జెట్‌బ్రెయిన్స్ చందా వ్యాపారం చక్కగానే సాగుతోంది. మానేసినవాడి దగ్గర పాత వెర్షన్ ఉండిపోతుంది కనుక, అతన్ని వెనక్కి రప్పించాలంటే దానికన్నా మెరుగైనదేదో ఆ కంపెనీ తయారుచేయాలి.