ముట్టుకోకుండా తిప్పే ముల్లు

పాలమూరు ప్రాంతంలోని వీపనగండ్లలో పల్లికాయ బస్తాలు ఎత్తుకుని పాత లారీ పెబ్బేరు దారి పట్టింది. జూరాల ఎడమ కాలువ నీళ్లు తాగే పొలాల మధ్య నుంచి రోడ్డు. డ్రైవరు పక్కన కూర్చున్న నా కళ్లు మాత్రం డ్యాష్‌బోర్డు మీది మీటరు ముల్లు మీదే ఉన్నాయి. ఇరవై దగ్గర నుంచి నలభైకి ఎగురుతోంది, మళ్లీ ఇరవైకి పడుతోంది. చలిజ్వరం వచ్చినట్టు ఒకటే వణుకు. బండి చూస్తే ఒకే తీరున పోతోంది.

"మీటరు చెడిపోయిందా అన్నా?" అని అడిగాను.

"మీటరుకేం కాలే సారూ. వైరు ఎండింది. పెబ్బేరుల గ్రీజు పెట్టిపిద్దాం."

ఎండింది అన్న ఆ మాట ఎంత సరైనదో పెబ్బేరు షెడ్డులో తెలిసింది. మేస్త్రి మీటరు వెనక చెయ్యి పెట్టి నట్టు విప్పి, నల్లటి గొట్టంలోంచి సన్నని ఉక్కు తీగను బయటికి లాగాడు. వాళ్లు గొట్టాన్ని ఔటరు అంటారు, తీగను ఇన్నరు అంటారు. గేర్‌బాక్సు దగ్గరి చిన్న పళ్లచక్రం తిరుగుతుంటే ఇన్నరు కూడా తిరుగుతుంది, ఆ తిరుగుడే పైన మీటరుకు చేరుతుంది. తీగ ఒంటినిండా పాత గ్రీజు గట్టిపడి, ఎర్రదుమ్ముతో కలిసి, ఎండిన బెల్లప్పాకంలా అంటుకుని ఉంది. గ్యాస్ నూనెలో ముంచిన గుడ్డతో మేస్త్రి దాన్ని తుడిచాడు. తర్వాత రెండు కొసలూ పట్టుకుని ఉయ్యాలలా వేలాడదీసి వేళ్ల మధ్య మెల్లగా తిప్పాడు. తీగ మంచిదైతే నునుపుగా తిరుగుతుంది. ఎక్కడన్నా వంకర ఉంటే అక్కడ ఆగి, మెలి పడి, ఠక్కున దూకుతుంది. గ్రీజు ఎండినప్పుడూ జరిగేది అదే. తీగ గొట్టానికి పట్టుకుంటుంది, మెలి బిగుసుకుంటుంది, ఒక్కసారిగా వదులుతుంది. ముల్లు ఎగరడానికి కారణం ఆ దూకుడే.

ముల్లుకూ తీగకూ మధ్య అసలు అతుకే లేదు! నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచిన సంగతి ఇది.

తీగ పైకొసన ఒక అయస్కాంతం తిరుగుతుంది. దాని చుట్టూ, ఎక్కడా తగలకుండా, పలచని అల్యూమినియం గిన్నె ఉంటుంది. ముల్లు ఆ గిన్నెకే బిగించి ఉంటుంది. అల్యూమినియం అయస్కాంతానికి అంటుకునే లోహం కాదు. అయినా అయస్కాంతం తిరిగితే గిన్నెలో సుడులు తిరిగే కరెంటు పుడుతుంది, ఆ కరెంటు గిన్నెను అయస్కాంతం వెంట లాగుతుంది. వెంట్రుకంత సన్నని స్ప్రింగు దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. వేగం రెట్టింపైతే లాగుడు రెట్టింపు, ముల్లు జరిగే దూరమూ రెట్టింపు. మీటరు మీద అంకెలు సమానమైన ఎడంలో ఉండేది అందుకే.

తిరిగే రాగి పళ్లెం పైన వేలాడే అయస్కాంత సూదిని తన వెంట తిప్పుకుంటుందని ఫ్రాన్సులో అరాగో అనే శాస్త్రవేత్త 1824లో గమనించాడు. అలా ఎందుకు జరుగుతుందో చెప్పింది ఫారడే, 1831లో విద్యుత్ ప్రేరణ కనుక్కున్న తర్వాత. అదే సూత్రం మీద నడిచే వేగం మీటరుకు స్ట్రాస్‌బర్గ్ ఇంజనీరు ఒట్టో షుల్జే 1902లో బెర్లిన్‌లో పేటెంటు తీసుకున్నాడు. మన ఇళ్లలో పాత కరెంటు మీటర్లలో చక్రం తిరుగుతూ ఉండేది, గుర్తుందా? అక్కడ ఇదే సుడి కరెంటు బ్రేకు పని చేస్తుంది. లారీలో ముల్లును తోసే బలం ఇంట్లో చక్రానికి కళ్లెం అన్నమాట.

మన ఎండకూ ఈ గిన్నెకూ పడదు. వేడెక్కితే అల్యూమినియంలో కరెంటుకు అడ్డు పెరుగుతుంది, డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున. ఇరవై డిగ్రీల చల్లదనంలో సరిచేసిన మీటరు, వేసవి మధ్యాహ్నం క్యాబిన్‌లో నలభై అయిదుకు వేడెక్కితే సుమారు పది శాతం తక్కువ చూపించాలి. అంటే అరవైలో పోతుంటే యాభై నాలుగన్నమాట. అలా జరగకుండా అయస్కాంతం పక్కన నికెలూ ఇనుమూ కలిపిన చిన్న రేకు పెడతారు. చల్లగా ఉన్నప్పుడు అది అయస్కాంత బలంలో కొంత తనలోంచి పోనిస్తుంది. వేడెక్కేకొద్దీ పోనివ్వడం తగ్గించి, ఆ బలాన్ని గిన్నెకు వదిలేస్తుంది. వేలెడు కూడా లేని ఆ రేకు లేకపోతే పాలమూరు ఎండలో ఏ మీటరునూ నమ్మలేం.

కిలోమీటర్లు లెక్కపెట్టే అంకెల వరసలో మాత్రం ఈ మాయ లేదు. అక్కడ పళ్లచక్రాల మధ్య సూటి పట్టు. అంకెలు సరిగ్గా తిరుగుతూ, ముల్లు మాత్రం నిలకడగా తప్పు చూపిస్తే రోగం మీటరులో ఉందని అర్థం. రెండూ ఆగిపోతే ముందు తీగను చూడాలి, తర్వాత గేర్‌బాక్సును. మేస్త్రి డ్రైవరును అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే: "నంబర్లు తిరుగుతున్నయా?"

కొత్త గ్రీజు వేళ్లకు రాసుకుని, తీగను ఆ వేళ్ల మధ్య నుంచి లాగాడు. పలచగా, మెరుపు కనిపించేంత. పై కొసన జానెడు మాత్రం పొడిగా వదిలేశాడు. పక్కనున్న పిల్లవాడు అక్కడా రాయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆడ పెట్టొద్దు బిడ్డా. తిరుగుతుంటే అది పైకెక్కుతది, మీటరు తింటది."

నూరుపాళ్లూ నిజం. గ్రీజు పైకి పాకి అయస్కాంతానికీ గిన్నెకూ మధ్య చేరితే, గాలి సందుతో నడిచే యంత్రం జిగురుతో నడుస్తుంది. ముల్లు చివరిదాకా ఎగబాకి అక్కడే కూర్చుంటుంది. మీటరును మెత్తని కుంచెతో దులపాలి, అయస్కాంతం ఇరుసు దగ్గర కుట్టుమిషను నూనె సూది మొనతో ఒక్క చుక్క పెట్టాలి. గిన్నెను, స్ప్రింగును తాకనే కూడదు. ఎక్కడ నూనె పెట్టకూడదో తెలిసిన చేతికే ఈ పని అప్పగించాలి.

అమెరికాలో పాత ఆటోమేటిక్ పికప్ ట్రక్కులకూ తీగతో ఇలాంటి బాధే ఒకటుంది. స్టీరింగు కాండానికి కట్టిన సన్నని తీగ డ్యాష్‌బోర్డులో ముల్లును లాగి, బండి ఏ గేరులో ఉందో చూపిస్తుంది. దుమ్ము పట్టినా, తీగ సాగినా ముల్లు రెండు గేరు అక్షరాల మధ్య నిలబడుతుంది. మన పాత లారీల్లో అంత ఏర్పాటు లేదు. గేరు రాడ్డు గుండు మీద చెక్కిన గీతలే సూచిక. అవి అరిగిపోయాక డ్రైవరు అరచేతికే గుర్తు.

ఇప్పటి లారీల్లో వేగం మీటరుకు తీగ లేదు. గేర్‌బాక్సు దగ్గర సెన్సరు పంపే విద్యుత్ సంకేతాలను లెక్కపెట్టి మీటరు వేగం చూపిస్తుంది. ఎండేదీ లేదు, గ్రీజు పెట్టేదీ లేదు.

బస్తాలు దించి సాయంత్రం తిరిగొస్తుంటే ముల్లు నలభై మీద కదలకుండా నిలబడింది. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఒక కిలోమీటరు రాయి దగ్గర గడియారం చూసి, రెండో రాయి దాకా లెక్కపెట్టాను. నలభై నిజమైతే తొంభై సెకన్లు పట్టాలి. తొంభై రెండు పట్టింది.