అలెక్సంద్రోస్ నుండి సికింద్రాబాదు వరకు – ఒక గ్రీకు వ్యక్తినామ నిరుక్తి

వ్యక్తినామాలు భాషలో మిక్కిలి స్థిరమైనవి, మిక్కిలి చలనశీలమైనవి కూడా. సామాన్య పదం అర్థబలంతో నిలుస్తుంది. అర్థం అవసరం లేకుండానే వ్యక్తినామం నిలువగలదు. అందువల్లనే అది భాష నుండి భాషకు, జాతి నుండి జాతికి సులభంగా ప్రయాణిస్తుంది. ఆ ప్రయాణంలో దాని వర్ణాలు మారుతాయి, అవయవార్థం మరుగుపడుతుంది. చివరకు అది ఏ భాషకు చెందినదో కూడ తెలియని స్థితి ఏర్పడుతుంది. అట్టి నామాలలో ప్రాచీన గ్రీకు నామమైన 'అలెక్సంద్రోస్' ముఖ్యమైనది. నేటి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని మచ్చ బొల్లారం, ఆల్వాల్, బొల్లారం ప్రాంతాల ప్రజలు తమ చిరునామాలలో 'సికింద్రాబాదు' అని వ్రాసినప్పుడెల్ల ఈ గ్రీకు నామాన్ని తెలియకుండానే వ్రాస్తున్నారు. ఆ నామం ఎట్లు పుట్టినది, దాని అర్థమేమి, అది తెలుగునేలకు ఏ మార్గాన చేరినది అనే అంశాలు సంస్కృతాంధ్ర భాషాధ్యయనపరులకు ఎంతో ఉపయుక్తమైనవి.

నామ స్వరూపం

'అలెక్సంద్రోస్' సమస్తపదం. ఇందులో పూర్వపదం 'అలెక్సెయిన్' అనే క్రియకు సంబంధించినది. వారించుట, అడ్డుకొనుట, రక్షించుట అని దాని అర్థాలు. ఉత్తరపదం 'అనేర్' అనే నామం. పురుషుడు, వీరుడు అని దాని అర్థం. దాని షష్ఠ్యేకవచనరూపం 'అంద్రోస్'. ఈ రెండు అవయవాలకును సంస్కృతంలో జ్ఞాతిపదాలున్నాయి. అనగా ఒక భాష నుండి మరొక భాష ఎరువు తెచ్చుకొన్నవి కాక, రెండు భాషలును ఒకే మూలభాష నుండి వారసత్వంగా పొందిన పదాలు.

'అనేర్' అనుదానికి సంస్కృత జ్ఞాతిపదం 'నృ'. ప్రథమా బహువచనంలో ఇది 'నరః' అవుతుంది. గ్రీకులోని ఆద్యమైన అకారం సంస్కృతంలో కనబడదు. ఈ భేదం ఈ ఒక్క పదానికే పరిమితం కాదు. గ్రీకు 'ఒనోమా', సంస్కృత 'నామ'. నక్షత్రార్థకమైన గ్రీకు 'అస్తేర్', వైదిక 'స్తృ' – ఈ జంటలలోను ఇదే స్థితి ఉన్నది. మూలభాషలో పదాదిని ఉండిన ఒక కంఠ్యధ్వని గ్రీకులో అచ్చుగా మిగిలి, సంస్కృతంలో లోపించినదని భాషాశాస్త్రజ్ఞులు నిరూపించారు.

'అంద్రోస్' రూపంలోని దకారం మూలంలో లేదు. నకార రేఫలు వెంటవెంట వచ్చినప్పుడు ఉచ్చారణ సౌలభ్యానికై నడుమ దకారం ఆగమంగా వచ్చినది. సంస్కృత 'వానర' శబ్దం హిందీలో 'బందర్' అయినచోట జరిగినదీ ఇదే. నకార రేఫల మధ్య దకారం చేరడమనే ఈ వర్ణాగమం గ్రీకుదేశంలోను ఆర్యావర్తంలోను స్వతంత్రంగా సంభవించినది.

'అలెక్సెయిన్' క్రియకు సంస్కృత జ్ఞాతిధాతువు 'రక్ష్'. బాహ్యరూపం చూచినవారికి ఈ సంబంధం వెంటనే స్ఫురించదు. గ్రీకు లకారానికి సంస్కృత రేఫ సమానంగా ఉండటం ఇతరత్ర కూడ ఉన్నది. విడుచుట అనే అర్థంగల గ్రీకు 'లెయిపో', సంస్కృత 'రిచ్' ధాతువు ఇందుకు నిదర్శనం. గ్రీకు ఎకారానికి సంస్కృతంలో అకారం రావడం 'ఫెరో', 'భరామి' అనే జంటలో ప్రసిద్ధం. కకారం తరువాతి సకారం సంస్కృతంలో షకారమై 'క్ష' అవుతుంది. ఆద్యమైన అకారం పైని చెప్పిన రీతిగా గ్రీకులో మాత్రమే మిగిలినది. ఈ నాలుగు నియమాలు ఇతర పదాలలోను స్థిరంగా కనబడుతున్నందుననే 'అలెక్స్–', 'రక్ష్' అనేవి ఒకే ధాతువు యొక్క రెండు రూపాలని నిర్ణయింప వీలైనది.

సమాస రీతి

సంస్కృతంలో 'నరరక్షక' వంటి సమాసాలలో క్రియావాచకం ఉత్తరపదంగా ఉండటం సామాన్యం. గ్రీకు నామంలో అది పూర్వపదంగా ఉన్నది. ఇది విపరీతమైన కూర్పు అనిపించవచ్చును. కాని వైదికభాషలో ఇట్టి సమాసాలు లేకపోలేదు. 'త్రసదస్యు' అనగా దస్యులను భయపెట్టువాడు. 'భరద్వాజ' నామంలోను క్రియాంశమే ముందున్నది. లౌకిక సంస్కృతంలో ఈ రీతి అరుదైపోగా, గ్రీకు వ్యక్తినామాలలో అది సజీవంగా నిలిచినది. మరొకవైపు క్రియాంశం చివర వచ్చే రీతియు గ్రీకులో ఉన్నది. పురుషులను చంపువాడను అర్థంగల 'అంద్రోఫోనోస్' విశేషణం అట్టిది. దీని రెండు అవయవాలును ఋగ్వేదంలోని 'నృహన్' శబ్దపు అవయవాలకు జ్ఞాతులే. ఈ విధంగా ఒక గ్రీకు నామ నిరుక్తి వైదిక సమాసాల స్వరూపాన్ని కూడ స్పష్టం చేస్తుంది.

అర్థ విచారణ

ఈ నామానికి 'పురుషులను రక్షించువాడు' అని ఒక అర్థం, 'పురుషులను, అనగా శత్రువీరులను, వారించువాడు' అని మరొక అర్థం చెప్పబడుతున్నాయి. గ్రీకు క్రియకు ఈ రెండర్థాలును ఉన్నందున వివాదం ఏర్పడినది. ఈ విషయంలో పాణినీయం తోడ్పడగలదు. అష్టాధ్యాయి ప్రథమాధ్యాయ చతుర్థపాదంలోని అపాదాన ప్రకరణంలో భయత్రాణార్థక ధాతువులను గూర్చి ఒక సూత్రము, వారణార్థక ధాతువులను గూర్చి మరొక సూత్రము అతిసమీపంలోనే ఉన్నాయి. యవల నుండి ఆవును వారించుట అనునది వారణార్థానికి వ్యాఖ్యాతల ప్రసిద్ధోదాహరణం. ఆవును వారించుటయు యవలను రక్షించుటయు ఒకే వ్యాపారానికి రెండు ముఖాలు. కర్మగా దేనిని గ్రహించినామనుదానిని బట్టి మాత్రమే అర్థభేదం ఏర్పడుతుంది.

గ్రీకుల సంప్రదాయమూ దీనికి అనుకూలంగానే ఉన్నది. ట్రాయ్ రాజకుమారుడైన పారిస్‌కు అలెక్సంద్రోస్ అనే నామాంతరం ఉన్నది. హోమరు ఇలియడ్ కావ్యంలో ఈ నామమే అధికంగా వాడబడినది. గొల్లల మధ్య పెరిగిన అతడు దొంగలను పారద్రోలి మందలను కాపాడినందున ఆ పేరు వచ్చినదని అపొల్లోడోరోస్ పేరిట ప్రచారంలో ఉన్న పురాణ సంగ్రహం చెబుతుంది. ఇది పేరుకు తగినట్లు అల్లిన కథయే కావచ్చు. అయినను పారద్రోలుట, కాపాడుట అనే రెండు అర్థాలను ప్రాచీనులు విడదీయలేదనుటకు ఇది సాక్ష్యం.

ప్రాచీనత

ఈ నామాన్ని లోకప్రసిద్ధం చేసినవాడు క్రీ.పూ. 356లో జన్మించి 323లో మరణించిన మాసిడోనియా రాజు మూడవ అలెగ్జాండరు. అయితే నామం అతనికంటె ఎంతో ప్రాచీనమైనది. 1952లో మైకేల్ వెంట్రిస్ ఛేదించిన లీనియర్–బి లిపిలో గల మైసీనే మట్టిపలకలలో ఒకదానిపై దీని స్త్రీలింగరూపమైన అలెక్సాండ్రా లభించినది. ఆ పలక క్రీ.పూ. 13వ శతాబ్దికి చెందినది. అదే శతాబ్దిలో హిట్టయిటు రాజు రెండవ మువతల్లి విలుసా రాజైన అలక్సాందుతో సంధి చేసికొన్నాడు. విలుసాయే ట్రాయ్ అని పెక్కుమంది పండితుల అభిప్రాయం. నామం గ్రీకేతరమై, తరువాత గ్రీకు రూపం పొందినదని సందేహించిన వారున్నారు. కాని మైసీనే సాక్ష్యమును, అవయవాలు రెండును గ్రీకులో నిష్పన్నం కావడమును ఆ సందేహాన్ని బలహీనపరుస్తున్నాయి.

భారతీయ భాషలలో తొలి రూపాలు

భారతదేశంలో ఈ నామం మొదట అశోకుని పదమూడవ శిలాశాసనంలో దర్శనమిస్తుంది. అందు పేర్కొనబడిన అయిదుగురు యవనరాజులలో చివరివాని పేరు షాబాజ్‌గఢీ ఖరోష్ఠీ ప్రతిలో 'అలికసుదరో' అనియు, కాల్సీ ప్రతిలో 'అలిక్యషుదలే' అనియు ఉన్నది. ఇతడు దిగ్విజయం చేసిన అలెగ్జాండరు కాడు. అశోకునికి సమకాలికుడైన ఎపిరస్ రాజో కొరింత్ పాలకుడో కావలెను. 'క్స' సంయుక్తాన్ని స్వరభక్తితో విడదీయడం, కాల్సీ ప్రతిలో రేఫకు లకారం రావడం ప్రాకృత లక్షణాలు. ఈ పదునాలుగు శాసనాల వరుస కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి శిలలపైనను చెక్కబడినది. కనుక యవనరాజుల ప్రసక్తి తెలుగునేలకు క్రీ.పూ. 3వ శతాబ్దిలోనే చేరినదని చెప్పవచ్చును.

పాలీ 'మిలిందపఞ్హ'లో యవనరాజు మిలిందుడు 'అలసంద' ద్వీపంలో జన్మించినట్లున్నది. ఇది అలెగ్జాండరు పేర వెలసిన ఒక నగరం పేరు. 'చంద్ర' శబ్దం 'చంద' అయినట్లే ఇక్కడ 'న్ద్ర' సంయుక్తంలోని రేఫ లోపించినది. బాణభట్టుని హర్షచరిత్రలో పక్కపక్కన వచ్చే 'అలస', 'చండకోశ' అనే పదాలను చండకోశుడనే రాజు, అతనికొక విశేషణము అని సంప్రదాయం గ్రహించినది. ఫ్రెంచి పండితుడు సిల్వైన్ లెవీ వాటిని కలిపి ఒకే నామంగా గ్రహించి, అందు అలెగ్జాండరును చూచాడు.

పారసీక మార్గం

సికింద్రాబాదు నామానికి కారణమైన రూపం ఈ ప్రాకృత మార్గాన రాలేదు. అది అరబ్బీ పారసీక భాషల ద్వారా వచ్చినది. అరబ్బీలో 'అల్' అనేది నామాలకు ముందు చేరే నిర్దేశక పదం. గ్రీకు నామంలోని ఆద్యాక్షరాలను అరబ్బులు ఆ నిర్దేశకంగా భావించి వేరుచేశారు. మిగిలిన భాగంలో 'క్స' అనునది వర్ణవ్యత్యయం వల్ల 'స్క' అయినది. పదాదిని సంయుక్తాక్షరం పలుకలేనందున ఇకారం చేరి 'అల్–ఇస్కందర్' అయినది. పారసీకంలో 'ఇస్కందర్', 'సికందర్' రూపాలు రెండును వాడుకలోనికి వచ్చాయి. ఈ రూపంలో 'రక్ష్' ధాతువునకు జ్ఞాతియైన భాగం సగం తెగిపోయినది. అయినను 'నృ' శబ్దానికి జ్ఞాతియైన 'అందర్' భాగం నిలిచినది.

నామగౌరవం కూడ ఈ మార్గంలో మారినది. జరథుష్ట్ర మతస్థుల పహ్లవీ గ్రంథాలు అలెగ్జాండరును శాపగ్రస్తుడని నిందించాయి. 11వ శతాబ్ది ఆరంభంలో ఫిరదౌసి షానామాలో అతడు ఇరాను రాజవంశీయుడైనాడు. తరువాత నిజామీ గంజవీ, అమీర్ ఖుస్రో అతని కథను కావ్యాలుగా రచించారు. ఆ విధంగా ఒక వ్యక్తి పేరు విజేతకు, ఆదర్శ ప్రభువుకు బిరుదైనది. ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్ ఖల్జీ 'రెండవ సికందరు' అనే బిరుదును నాణెములపై వేయించుకొన్నాడు. 1489లో సింహాసనమెక్కిన నిజాంఖాన్ లోడీ సికందర్ షా అనే పేరు ధరించాడు.

హైదరాబాదు మూడవ నిజాము మీర్ అక్బర్ అలీ ఖాన్ (పాలన 1803–1829) బిరుదనామం సికందర్ జా. 'జాహ్' అనగా పారసీకంలో పదవి, గౌరవం. కావున 'సికందరుని వంటి గౌరవం గలవాడు' అని బహువ్రీహి తుల్యమైన అర్థం. 1798 సైన్యసహకార సంధి తరువాత హుస్సేన్ సాగరానికి ఉత్తరాన వెలసిన ఆంగ్ల సైనిక స్థావరానికి 1806లో అతని పేర సికింద్రాబాదు అనే నామం ఏర్పడినది. 'ఆబాద్' అనగా జనావాసం గలది. దానికి ఉత్తరాన బొల్లారం హైదరాబాదు కంటింజెంటు సేనకు స్థావరమైనది. 1860లో అక్కడ నిర్మింపబడిన రెసిడెన్సీ భవనమే నేటి రాష్ట్రపతి నిలయం.

తెలుగు ఉచ్చారణలో 'సికందరాబాద్' అను రూపం 'సికింద్రాబాదు' అయినది. పూర్వాక్షరంలోని ఇకార ప్రభావంతో 'క' అక్షరం 'కి' అయినది. ద, ర వర్ణాల నడిమి అకారం లోపించినది. పదాంతంలో తెలుగుకు సహజమైన ఉకారం చేరినది. ఈ స్వరలోపం వలన, అరబ్బీ పారసీకాలలో విడిపోయిన 'న్ద్ర' సంయుక్తం తెలుగులో తిరిగి ఏర్పడటం విశేషం. ఇది గ్రీకు రూపాన్ని ఎరిగి చేసినది కాదు, తెలుగు ఉచ్చారణ ధర్మం మాత్రమే.

ధ్వనిసామ్యం – నిరుక్తి

ఇట్టి నామాల విషయంలో జాగరూకత అవసరం. 'ఇస్కందర్', 'స్కంద' శబ్దాల సామ్యాన్ని ఆధారంగా గొని సుబ్రహ్మణ్యస్వామి కథ అలెగ్జాండరు కథయే అని వాదించిన వారున్నారు. 'స్కంద' శబ్దం దుముకుట, స్రవించుట అనే అర్థాలు గల 'స్కంద్' ధాతువు నుండి సంస్కృతంలోనే నిష్పన్నమవుతున్నది. ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయాంతంలో సనత్కుమారుడు స్కందుడని చెప్పబడినాడు. 'స్క' రూపమో అరబ్బీలో వర్ణవ్యత్యయం వల్ల చాల ఆలస్యంగా ఏర్పడినది. కనుక ఈ సామ్యం కేవలం యాదృచ్ఛికం. అదే విధంగా తెలుగువారి 'అలసందలు' అలెగ్జాండ్రియా నుండి వచ్చిన ధాన్యమని కొందరు ఊహించారు. ఆ పంట ఆఫ్రికాలో పుట్టినది కావడమును, పాలీలో 'అలసంద' అనే నగరనామం ఉండటమును ఈ ఊహకు కొంత బలమిస్తున్నాయి. అయినను దీనిని సంభావ్యతగా గ్రహింపవలెనే కాని సిద్ధాంతంగా బోధింపరాదు.

ఉపసంహారం

ఒకే నామంలో మూడు విధాల సంబంధాలు ఇమిడి ఉన్నాయి. 'అలెక్స్–', 'రక్ష్', 'అనేర్', 'నృ' అనేవి వారసత్వ సంబంధం గలవి. 'సికందర్' అన్యదేశ్యం. 'స్కంద' శబ్దంతో ఉన్నది ధ్వనిసామ్యం మాత్రమే. ఈ మూడింటిని వేరుపరచి చూపుటకు స్థానికమైన ఈ ఉదాహరణ ప్రాచ్యకళాశాలల బోధనలో మిక్కిలి ఉపకరిస్తుంది. సికింద్రాబాదు పేరును పరభాషా పదమని విడిచిపెట్టనవసరం లేదు, బలవంతంగా సంస్కృతీకరించనూ అవసరం లేదు. నియమబద్ధంగా పరిశీలించినచో అది నరులను రక్షించువాడను అర్థంలో సంస్కృతానికి దూరపు బంధువుగా తనంతట తానే నిలుస్తుంది.