కాటాను పరీక్షించే రైతు పార్టీ చూడడు

2024 జూన్ 18. బక్రీద్ మరుసటి రోజు. గుంటూరుకు కొద్ది దూరంలో ఉన్న ఒక పల్లెలో, మాకు బాగా తెలిసిన కుటుంబం మధ్యాహ్న భోజనానికి కూర్చున్నది. అన్నదమ్ములలో పెద్దవాడు మిర్చి యార్డులోని ఒక కమీషన్ దుకాణంలో గుమస్తా. చిన్నవాడు హైదరాబాదులో ప్రోగ్రాములు రాసే ఉద్యోగి. పండుగకు ఇంటికి వచ్చాడు. రాష్ట్ర ఎన్నికల ఫలితాలు వెలువడి అప్పటికి రెండు వారాలు. ఓటమి పాలైన మాజీ ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి, అభివృద్ధి చెందిన ప్రజాస్వామ్య దేశాలు కాగితపు బ్యాలెట్లనే వాడుతున్నాయని, మనమూ వాటివైపే వెళ్లాలని ఆ రోజే ‘ఎక్స్’లో రాశారు. ఆ మాట పెద్దవాని ఫోనులోకి వచ్చింది.

“చూశావా తమ్ముడూ, మిషన్లలోనే ఏదో చేశారు. లేకపోతే మనం ఓడిపోతామా?”

“భాయ్, 2019లో మీరు గెలిచినప్పుడు ఆ మిషన్లే మంచివి. ఇప్పుడు చెడ్డవయ్యాయా?”

“నీకేం తెలుసు? ఆ రోజు వేరు, ఈ రోజు వేరు.”

“ఏం వేరు? మిషన్ల గురించి తెలిసినవాణ్ణి నేను. అవి హ్యాక్ కావు. మీకేమీ అర్థం కాదు.”

అన్నం దగ్గర ఆగిన వాదం సాయంత్రానికి కుటుంబ వాట్సాప్ గ్రూపుకు చేరింది. గల్ఫ్‌లో ఉన్న మామూ కొడుకు ఏదో విదేశీ యంత్రం వీడియో తెచ్చి, మన యంత్రం ఇదేనని పెట్టాడు. మరొకరు ఓడిన పార్టీ మీద నవ్వుల బొమ్మలు పంపారు. రాత్రికి పెద్దవాడు గ్రూపు నుండి తప్పుకున్నాడు. ఆ తరువాత ఎన్నో నెలలు అన్నదమ్ముల మాటలు తల్లి నోటి ద్వారానే సాగాయి. “ఓట్లు ఎటు పోయాయో నాకు తెలియదు గాని, నా కొడుకులు ఒక్క దస్తర్‌ఖాన్ మీద కూర్చోవడం మాత్రం పోయింది” అని ఆ తల్లి మాతో అన్నది.

ఈ కలహం ఆ ఒక్క ఇంటిది కాదు. సాంకేతికత, రాజకీయం కలిసిన చోట మన యువకుల వాదాలు ఈ విధంగానే రగులుతున్నాయి. ఇందులో తప్పు ఎక్కడున్నదో చూద్దాము.

ఓటమితో పుట్టి గెలుపుతో పోయే ప్రశ్న

ఈవీఎంలపై అనుమానం ఏ ఒక్క పార్టీ సొత్తూ కాదు. 2009 లోక్‌సభ ఎన్నికలలో ఓటమి తరువాత భారతీయ జనతా పార్టీ అగ్రనేత ఎల్.కె. అద్వానీ కాగితపు బ్యాలెట్లకు మరలాలని కోరారు. ఆ మరుసటి ఏడాది ఆ పార్టీకే చెందిన జి.వి.ఎల్. నరసింహారావు ఈ యంత్రాలను నమ్మగలమా అని ప్రశ్నిస్తూ ఒక పుస్తకమే రాశారు. దానికి అద్వానీ ముందుమాట రాశారు. తరువాతి కాలంలో ఆ పార్టీ అధికారంలోకి వచ్చింది. ఆ స్వరం వినబడలేదు.

2019లో చంద్రబాబు నాయుడు వంతు. వీవీప్యాట్ చీటీలలో సగమైనా లెక్కించాలని ఆయన నాయకత్వంలో 21 ప్రతిపక్ష పార్టీల నేతలు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ ఏడాది ఏప్రిల్ 8న కోర్టు, ప్రతి అసెంబ్లీ నియోజకవర్గంలో ఒక కేంద్రానికి బదులు అయిదు కేంద్రాల చీటీలు లెక్కించాలని ఆదేశించింది. ఏప్రిల్ 11న పోలింగు ముగిసిన వెంటనే ఆయన ఢిల్లీ వెళ్లి యంత్రాల మీద ఫిర్యాదు చేశారు. మే 23న ఆయన పార్టీకి 23 స్థానాలు, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 151 స్థానాలు వచ్చాయి. అప్పుడు ఓడినవారి సాకుగా కొట్టివేయబడిన ప్రశ్ననే, 2024లో 11 స్థానాలకు పరిమితమైనవారు అందుకున్నారు. 135 స్థానాలు గెలిచినవారికి ఆ ప్రశ్న అవసరం లేకపోయింది.

అయిదేళ్లలో యంత్రం స్వభావం మారలేదు. దానిని ప్రశ్నించేవారు, సమర్థించేవారు మాత్రం స్థానాలు మార్చుకున్నారు. మన అన్నదమ్ములు వారి వెంట నడిచారు.

యంత్రం గురించి తెలుసుకోవలసినది

మన దేశంలో ఈవీఎంను తొలిసారి 1982లో కేరళలోని పరవూరు నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాలలో వాడారు. యంత్రంతో ఓటు వేయించడానికి చట్టంలో చోటు లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ కేంద్రాలలో తిరిగి పోలింగు జరిపించింది. తరువాత చట్టాన్ని సవరించారు. 2004లో దేశమంతటా ఇవే వచ్చాయి. వీటిని బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్, మన హైదరాబాదులోని ఈసీఐఎల్ తయారుచేస్తాయి.

ఓటరు మీట నొక్కే పెట్టె ఒకటి. లెక్క దాచుకునే కంట్రోల్ యూనిట్ మరొకటి. 2013 నుండి వీటికి వీవీప్యాట్ తోడయింది. మీట నొక్కగానే అభ్యర్థి గుర్తుతో అచ్చయిన చీటీ ఏడు సెకన్లపాటు అద్దం వెనుక కనిపించి, లోపలి పెట్టెలో పడుతుంది. ఈ యంత్రాలకు ఇంటర్నెట్ గాని, మరే వైర్లెస్ సంబంధం గాని లేవని ఎన్నికల సంఘం చెబుతున్నది. కాబట్టి ఎక్కడో కూర్చుని ఫోనుతో ఓట్లు మార్చారన్న వీడియోను నమ్మే ముందు, ఆ సంకేతాన్ని అందుకునే భాగం యంత్రంలో ఎక్కడున్నదని అడగాలి.

అంతమాత్రాన యంత్రం ప్రశ్నకు అతీతమైనదని అనలేము. 2010లో హైదరాబాదుకు చెందిన ఇంజనీరు వేమూరు హరిప్రసాద్, అమెరికాకు చెందిన అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గాంగ్రిప్ కలిసి ఒక ఈవీఎంను విప్పి పరిశీలించారు. యంత్రం చేతికి చిక్కితే దాని తెర భాగాన్ని మార్చి తప్పుడు లెక్క చూపవచ్చునని, జ్ఞాపకంలోని ఓట్లను చిన్న పరికరంతో మార్చవచ్చునని ప్రదర్శించారు. అది వీవీప్యాట్ లేని నాటి యంత్రం. అది ఎవరి ద్వారా అందిందో చెప్పనందుకు ఆ ఏడాది ఆగస్టులో హరిప్రసాద్‌ను అరెస్టు చేసి ముంబయికి తీసుకువెళ్లారు. తరువాత బెయిలు లభించింది.

ఈ పరిశోధన మనకు నేర్పేది ఒకటున్నది. దూరం నుండి యంత్రాన్ని లొంగదీయడం వేరు, యంత్రం ఎవరి అధీనంలో ఉన్నదన్నది వేరు. మొదటి ఆరోపణకు జవాబు యంత్రం నిర్మాణంలో దొరుకుతుంది. రెండవదానికి జవాబు ముద్రలలో, స్ట్రాంగ్‌రూం కాపలాలో, కాగితాల మీది సంతకాలలో వెదకాలి. మన వాదాలలో ఈ రెండూ కలగాపులగమవుతున్నాయి. అన్నకు కలిగిన అనుమానం రెండవ రకానిది కావచ్చు. తమ్ముడు ఇచ్చిన జవాబు మొదటిదానికి.

జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009 మార్చిలో తమ దేశపు ఓటింగు యంత్రాలను చెల్లనివిగా ప్రకటించింది. అక్కడ మోసం జరిగినట్లు రుజువైనందుకు కాదు. ఎన్నికలోని ముఖ్యమైన దశలను, ప్రత్యేక సాంకేతిక జ్ఞానం లేని సామాన్య పౌరుడు కూడా సరిచూసుకోగలగాలన్నది ఆ తీర్పు సారం. “మీకేమీ అర్థం కాదు” అన్న తమ్ముని మాట నొప్పించేది మాత్రమే కాదు, సూత్రరీత్యా కూడా తప్పే. అర్థం కానివానికి సైతం సరిచూసుకునే దారి ఉండాలి.

యార్డులో కాటా

ఈ సంగతి గుంటూరు, ప్రకాశం రైతుకు పుస్తకాలు చదివి తెలుసుకోవలసినది కాదు. మిర్చి టిక్కీలు యార్డుకు తెచ్చినవాడు, పత్తి బోరాలు బండికెత్తినవాడు ఎలక్ట్రానిక్ కాటా ముందు నిలబడక తప్పదు. కాటా లోపల ఏ చిప్ ఉన్నదో అతనికి తెలియదు. అయినా ఏం చేయాలో తెలుసు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నదా అని చూస్తాడు. బరువు తెలిసిన తూకపు రాయి పెట్టి చూడమంటాడు. అనుమానం వస్తే అదే బస్తాను మరో కాటా మీద పెట్టిస్తాడు. పత్తి కొనుగోళ్లలో రిమోటుతో తూకం తగ్గించిన మోసాలు పత్రికలలో చదివిన రైతు, కాటా ఎలక్ట్రానిక్‌దని ఊరకే నమ్మడు. ఎలక్ట్రానిక్‌దని ఊరకే తిట్టడు కూడా. వ్యాపారి ఏ పార్టీవాడో కనుక్కుని ఆ తరువాత పరీక్షించడం అసలే చేయడు.

వీవీప్యాట్ చీటీ రెండవ కాటా. పోలింగుకు ముందు ఏజెంట్ల సమక్షంలో కనీసం 50 ఓట్లతో జరిపే మాక్ పోలింగు తూకపు రాయి. పోలింగు ముగిశాక అధికారి సంతకం చేసి ఏజెంటుకు ఇచ్చే 17సి ఫారం తూకం చీటీ. ఆ కేంద్రంలో పోలైన మొత్తం ఓట్లు అందులో ఉంటాయి. లెక్కింపు రోజున కంట్రోల్ యూనిట్ చూపే మొత్తం దానితో సరిపోవాలి. రాత్రంతా వీడియోలు పంపుకునే వారిలో ఎందరు తమ బూత్ 17సి నకలును కళ్లతో చూశారు?

ఒంగోలు అడిగిన ప్రశ్న

2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు కాగితపు బ్యాలెట్లకు మరలాలన్న వాదనను, చీటీలన్నీ లెక్కించాలన్న వాదనను తిరస్కరించింది. అదే తీర్పులో ఒక ద్వారం తెరిచింది. రెండవ, మూడవ స్థానాలలో నిలిచిన అభ్యర్థులు ఫలితం వచ్చిన ఏడు రోజులలోగా, ప్రతి అసెంబ్లీ స్థానంలో 5 శాతం యంత్రాల పరిశీలన కోరవచ్చు. ఖర్చు వారిదే, మోసం తేలితే తిరిగి ఇస్తారు.

ఆ ద్వారం తట్టినవారిలో ఒంగోలులో ఓడిన బాలినేని శ్రీనివాసరెడ్డి ఒకరు. ఒక్కో యంత్రాల సమితికి 47,200 రూపాయల చొప్పున చెల్లించి 12 పోలింగ్ కేంద్రాల పరిశీలన కోరారు. ఆగస్టులో అధికారులు మాక్ పోలింగు జరపబోగా, పోలింగునాటి లెక్కను, చీటీలను సరిచూడాలే గాని కొత్తగా ఓట్లు వేసి చూపడం దేనికని ఆయన పక్షం అభ్యంతరం చెప్పింది. వివాదం హైకోర్టుకు చేరింది. దేశవ్యాప్తంగా ఇదే ప్రశ్న నలుగుతుండగా, పరిశీలన సమయంలో యంత్రంలోని సమాచారాన్ని చెరపవద్దని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఎన్నికల సంఘానికి చెప్పింది.

అర్జీ పెట్టిన నాయకుడు 2024 సెప్టెంబరులోనే అధికార కూటమిలోని జనసేనలో చేరారు. అర్జీలోని ప్రశ్న మాత్రం ఏ పార్టీలోనూ చేరలేదు. పరిశీలన అంటే యంత్రం నేడు పనిచేస్తున్నదని చూపడమా, ఆనాడు సరిగా లెక్కించిందని చూపడమా? ప్రోగ్రాములు రాసే మన పిల్లలు బుర్రపెట్టి వాదించదగిన ప్రశ్న ఇది.

కాగితమే సర్వరోగ నివారిణి అనుకోవడమూ పొరపాటే. 2021లో మన రాష్ట్రంలో పంచాయతీ, పురపాలక ఎన్నికలు కాగితపు బ్యాలెట్లతోనే జరిగాయి. మాచర్ల, పిడుగురాళ్ల పురపాలక సంఘాలలో వార్డులన్నీ ఏకగ్రీవమయ్యాయి. నామినేషన్లు వేయనివ్వలేదని ప్రతిపక్షం వాపోయింది. పోటీయే లేని చోట కాగితమైనా, యంత్రమైనా ఒక్కటే. 2024 మే 13న అదే మాచర్ల నియోజకవర్గంలోని పాల్వాయిగేటు కేంద్రంలో యంత్రాన్ని నేలకేసి కొట్టిన దృశ్యాన్ని లోకమంతా చూసింది. దానికి ప్రోగ్రామింగు అక్కరలేదు.

మన ఇళ్లలో

అందిన వార్తను నిర్ధారించుకోవాలని, ఒకరినొకరు ఎగతాళి చేసుకోరాదని, అనుమానాలకు దూరంగా ఉండాలని హుజురాత్ సూరా బోధిస్తున్నది. తనకొక కొలత, ఎదుటివానికొక కొలత వాడేవారిని ముతఫ్ఫిఫీన్ సూరా తీవ్రంగా హెచ్చరించింది. ఆ హెచ్చరికను అంగడి తూకానికే పరిమితం చేసుకోనక్కరలేదు. మన పార్టీ ఓడినప్పుడు ఒక నీతి, గెలిచినప్పుడు మరొక నీతి పాటిస్తే, మాటలలో మనం వాడుతున్నవి రెండు కాటాలే.

కాబట్టి వాదించవద్దని మేము అనడం లేదు. వాదం లేని ఇంటిలో ఆలోచన ఎదగదు. వాదానికి ముందు ప్రతి ఒక్కరూ తమను తాము ఒక మాట అడగాలి: ఫలితం తారుమారై ఉంటే ఇదే మాట అనేవాడినా? వీడియో పంపేముందు అది ఏ దేశపు యంత్రమో, ఏ సంవత్సరపుదో చూడాలి. తెలిసినవాడు తెలియనివాణ్ణి చిన్నబుచ్చక, అతడు స్వయంగా సరిచూసుకునే దారి చెప్పాలి.

2025 బక్రీద్‌కు ఆ ఇంటికి మళ్లీ వెళ్లాము. అన్నదమ్ములు పక్కపక్కనే కూర్చున్నారు. ముందు మాట కలిపినవాడు చిన్నవాడేనట. “భాయ్, నేను రాసిన ప్రోగ్రామును మరొకరు పరీక్షించనిదే మా ఆఫీసు బయటికి పంపదు. అలాంటిది మిమ్మల్ని మాత్రం పరీక్ష లేకుండా నమ్మమన్నాను. నాదే తప్పు” అన్నాడట. “నేనూ 2019లో అడగవలసింది అడగలేదు కదరా” అని అన్న బదులిచ్చాడట.

ఇద్దరి పార్టీలు నేటికీ వేరే. వచ్చే అసెంబ్లీ ఎన్నికలలో ఒకే బూత్‌లో ఎదురెదురు పార్టీల ఏజెంట్లుగా కూర్చోవాలనుకుంటున్నారు. ఎవరి 17సి నకలు వారు తెచ్చుకుని, రాత్రికి ఇంట్లో రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటారట.