భయాన్ని సడలించే విద్య

మొదటి ప్రపంచ యుద్ధానికి కొద్దికాలం ముందటి మాట. లండన్ నగరంలో నిరుపేదలు నివసించే వైట్‌చాపెల్ ప్రాంతం. బయట వర్షం. ఒక ఇరుకు గదిలో, కొవ్వొత్తి వెలుగులో, ఒక స్త్రీ ప్రసవిస్తున్నది. గ్రాంట్లీ డిక్-రీడ్ అనే యువ డాక్టరు క్లోరోఫారం మాస్కును ఆమె ముఖం దగ్గరకు తీసుకువెళ్లాడు. ఆమె వద్దన్నది. ఎటువంటి అలజడీ లేకుండానే బిడ్డ పుట్టింది. మాస్కు ఎందుకు వద్దన్నావని తరువాత అడిగితే, తనకు నొప్పి కలగలేదనీ, అసలు కలిగి తీరాలా అనీ ఆమె ఎదురు ప్రశ్న వేసింది.

ఆ ప్రశ్న డిక్-రీడ్‌ను జీవితాంతం వదలలేదు. భయం శరీరాన్ని బిగదీస్తుంది, ఆ బిగువు నొప్పిని పెంచుతుంది, నొప్పి మళ్లీ భయాన్ని పెంచుతుంది అని ఆయన సిద్ధాంతం. 1933లో వెలువడిన తన గ్రంథానికి ‘సహజ ప్రసవం’ అని పేరు పెట్టాడు. ఆయన చెప్పినదంతా నిలబడలేదు. భయం లేకపోయినంత మాత్రాన నొప్పి పూర్తిగా మాయం కాదు. అయినప్పటికీ, తీవ్రమైన భయంలో వెలువడే ఆడ్రినలిన్ గర్భాశయం చేసే పనికి అడ్డు తగలగలదన్నది వైద్యులు అంగీకరించే విషయమే.

1951లో ఫ్రెంచి వైద్యుడు ఫెర్నాండ్ లమాజ్ సోవియట్ యూనియన్‌లో పర్యటించినప్పుడు ఒక ప్రసవాన్ని ప్రత్యక్షంగా చూశాడు. అక్కడి వైద్యులు పావ్లోవ్ పరిశోధనలను ఆధారం చేసుకొని గర్భిణులకు ముందుగానే శిక్షణ ఇస్తున్నారు. గంట మోగగానే కుక్కకు నోరూరినట్లే, ‘నొప్పి’ అన్న మాట వినగానే స్త్రీ శరీరం బిగుసుకుంటుందని వారి వాదన. లమాజ్ పారిస్‌కు తిరిగి వచ్చి, లోహ కార్మికుల సంఘం నడిపే ఆసుపత్రిలో ఆ పద్ధతిని ప్రారంభించాడు. ‘నొప్పి’ అన్న మాట తీసివేసి ‘సంకోచం’ అనడం కూడా ఆ శిక్షణలో భాగమే. అనువాదాలు చేసుకునే నాకు ఇక్కడ కలం ఆగిపోతుంది. ఇంగ్లీషువారు ప్రసవాన్ని ‘లేబర్’ అంటారు, అంటే శ్రమ. మనం మాత్రం ‘నొప్పులు మొదలయ్యాయి’ అంటాం. ఆ మాటకు ఇంతవరకు నాకు బదులు దొరకలేదు.

ఇంతకూ ఈ తరగతులలో నేర్పేదేమిటి? సాధారణంగా చివరి రెండు మూడు నెలలలో భార్యాభర్తలిద్దరూ కలిసి వెళతారు. గర్భాశయ ముఖద్వారం పది సెంటీమీటర్ల వరకు ఎలా విచ్చుకుంటుందో మొదట వివరిస్తారు. ఆ తరువాత అభ్యాసం. గర్భిణి పక్కకు ఒత్తిగిలి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకొని పడుకుంటుంది. కుడి పిడికిలి గట్టిగా బిగించాలి. ఎడమ చెయ్యి, కాళ్లు, మెడ మాత్రం వదులుగా ఉండాలి. భర్త ఆ ఎడమ చేతిని ఎత్తి వదిలితే తడిగుడ్డలా వాలిపోవాలి. వినడానికి ఇది పిల్లల ఆటలా ఉంటుంది. ఒకసారి మీరే ప్రయత్నించి చూడండి. పిడికిలి బిగించగానే మీకు తెలియకుండానే దవడ కూడా బిగుసుకుంటుంది! గర్భాశయం మన అదుపులో లేని కండరం. అది బిగుసుకున్నప్పుడు తక్కిన శరీరం దానితోపాటు బిగుసుకోకుండా ఉండడమే ఇందులోని విద్య.

శ్వాస సంగతీ అంతే. సంకోచం మొదలు కాగానే ఒక దీర్ఘశ్వాస, ముగియగానే మరొకటి, నడుమ నిదానమైన శ్వాస. పూర్వం గబగబా ఎగశ్వాస తీయించేవారు. దానివల్ల తల తిరిగి వేళ్లు తిమ్మిరెక్కుతాయని గ్రహించి, ఇప్పుడు నెమ్మదైన శ్వాసకే మొగ్గు చూపుతున్నారు. భర్త గడియారం చూస్తూ ‘పదిహేను సెకన్లు, ముప్పై’ అని చెబుతూ ఉంటాడు. సగం గడిచిపోయిందని తెలిస్తే మిగిలిన సగాన్ని తట్టుకోవడం కొంత తేలిక.

అమెరికాలో ఈ పద్ధతి ప్రాచుర్యానికి 1959లో మార్జరీ కార్మెల్ లమాజ్ గురించి రాసిన పుస్తకం కారణం. మరుసటి సంవత్సరం ఆమె, ఎలిజబెత్ బింగ్ కలిసి శిక్షణ సంస్థను స్థాపించారు. 1965లో డాక్టర్ రాబర్ట్ బ్రాడ్లీ ఒక అడుగు ముందుకు వేసి, భర్తే శిక్షకుడు కావాలన్నాడు. అంతవరకు అక్కడి భర్తలు వరండాలో పచార్లు చేసేవారే.

అయితే ఈ ఉద్యమానికి ఒక చీకటి కోణం కూడా ఉన్నది. లమాజ్ తన ఆసుపత్రిలో ప్రసవించిన స్త్రీలను, వారి అరుపులనూ అలజడినీ బట్టి ‘అత్యుత్తమం’ నుంచి ‘పూర్తి వైఫల్యం’ వరకు తరగతులుగా విభజించేవాడని షీలా కిట్జింగర్ రాసింది. నొప్పిని ఓర్చుకోలేకపోవడం పరీక్ష తప్పడమా? బిడ్డ అడ్డం తిరిగితే, రక్తపోటు ప్రమాదకరంగా పెరిగితే, ఏ శ్వాసా సిజేరియన్‌కు బదులు కాదు. మందు అడిగిన తల్లి ఓడిపోయినట్లు కాదు.

గట్టిగా నిలిచిన ఫలితం మరొకటి. 2017లో వెలువడిన ఒక కోక్రేన్ సమీక్ష 26 అధ్యయనాలను, పదిహేను వేలమందికి పైగా స్త్రీల అనుభవాలను పరిశీలించింది. ప్రసవమంతటా ఒక మనిషి పక్కన ఉన్నప్పుడు సహజ ప్రసవాలు పెరిగాయనీ, ప్రసవ సమయం కొంత తగ్గిందనీ తేల్చింది.

ఇది మనకు కొత్త సంగతి కాదు. తొలి కాన్పుకు పుట్టింటికి పంపడం అందుకే కదా! పురుడు ఇంటి నుంచి ఆసుపత్రికి మారినప్పుడు తల్లి తలుపు బయటే ఆగిపోయింది. ప్రభుత్వాసుపత్రుల ప్రసవ గదులలోకి ఒక తోడు మనిషిని అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ సూచించినది 2016లో మాత్రమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 ప్రసవాలు సిజేరియన్లే. దేశ సగటు 21.5.

మా అక్క కూతురు హైదరాబాదులో భర్తతో కలిసి ఈ తరగతులకు వెళ్లి, ఎనిమిదో నెలలో పుట్టింటికి వచ్చింది. అల్లుడు ప్రతి ఆదివారం వచ్చి అభ్యాసం చేయించేవాడు. అల్లుడి ఎదుట కూతురు అలా పడుకోవడం చూడలేక అక్క వంటింట్లోకి తప్పుకునేది. తీరా ఆసుపత్రికి వెళ్లాక, మగవారికి ప్రవేశం లేదన్నారు. అల్లుడు మెట్ల మీద ఉండిపోయాడు. అక్క లోపలికి వెళ్లింది. అర్ధరాత్రి దాటాక అమ్మాయి మంచం పట్టీని రెండు చేతులా బిగించి కేకలు వేయసాగింది. అక్క ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి, గోడ గడియారం వైపు తిరిగి, వంటింట్లో నుంచి విన్న పాఠాన్ని అప్పజెప్పడం మొదలుపెట్టింది: ‘పదిహేను... ముప్పై... సగం అయిపోయిందమ్మా, నలభై అయిదు...’